కాలికి మత్తు, మనిషికి మెలకువ

అరవై దాటిన తరువాత స్నానాల గదిలో కాలు జారడం, బస్సు దిగుతూ అడుగు తప్పడం మనలో చాలామందికి అనుభవమే. చీలమండ దగ్గర ఎముక విరిగితే కొందరికి పిండికట్టుతో సరిపోతుంది. విరిగిన ముక్కలు పక్కకు జరిగితే మాత్రం ఆపరేషను చేసి ప్లేటు, స్క్రూలు బిగించవలసి వస్తుంది. అప్పుడు మత్తు డాక్టరు గారు మంచం దగ్గరకు వచ్చి ఒక ప్రశ్న అడుగుతారు. "పూర్తిగా మత్తు ఇవ్వమంటారా? నడుముకు ఇంజక్షను ఇచ్చి కాళ్ళ వరకే మత్తు ఇవ్వమంటారా?"

ఈ ప్రశ్నకు రోగి కంటె ముందు చుట్టాలే జవాబు చెబుతారు. "నడుముకు వద్దండీ, జన్మంతా నడుము నొప్పి పట్టుకుంటుంది" అని ఒకరు అంటారు. "కాళ్ళు పడిపోయినవాళ్ళు ఉన్నారట" అని మరొకరు. "కోస్తుంటే మెలకువగా ఎలా ఉంటారండీ!" అని ఇంకొకరు. ఈ భయాలలో కొన్నింటికి పునాది ఉంది, కొన్నింటికి లేదు. ఏది ఎటువంటిదో తెలియాలంటే ఈ పద్ధతి ఎలా పుట్టింది, ఎక్కడెక్కడ దెబ్బతిన్నది, ఎలా సరిదిద్దుకున్నది అన్న చరిత్ర కొంత తెలియాలి. విచిత్రమేమిటంటే, వెన్నుకు మత్తు ఇచ్చి చేసిన మొట్టమొదటి ఆపరేషను చీలమండకే జరిగింది. అదీ, పూర్తి మత్తు అంటే భయపడిన ఒక కూలి మనిషి కోసం.

క్లోరోఫారం రోజులు

1846కు ముందు ఆపరేషను అంటే నరకమే. రోగిని నలుగురు గట్టిగా పట్టుకునేవారు. ఎంత త్వరగా కోసి ముగించగలిగితే అంత గొప్ప సర్జను. ఆ సంవత్సరం అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథరు వాసన చూపించి, రోగికి బాధ తెలియకుండా ఆపరేషను జరిపించి చూపాడు. మరుసటి ఏడు, 1847లో, ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫారం వాడకాన్ని ప్రవేశపెట్టాడు. 1853లో విక్టోరియా రాణి తన ప్రసవానికి క్లోరోఫారం తీసుకోవడంతో దానికి రాజగౌరవం కూడా దక్కింది.

అయితే ఆ గౌరవం వెనుక ఒక భయం దాగి ఉంది. 1848 జనవరిలో ఇంగ్లండులోని న్యూకాజిల్ సమీపంలో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలికకు కాలి వేలి గోరు తీయడానికి క్లోరోఫారం ఇచ్చారు. కొద్ది నిమిషాలలోనే ఆ అమ్మాయి చనిపోయింది. కాలి వేలి గోరు కోసం ఒళ్ళంతటికీ మత్తు ఇవ్వడం, దానితో ప్రాణమే పోవడం ఆనాటి వైద్య లోకాన్ని కలవరపరిచింది. క్లోరోఫారం ముందుగా గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అన్న వాదం ఆ తరువాత కొన్ని దశాబ్దాలు సాగింది.

ఈ వాదంలో మన హైదరాబాదుకు గొప్ప పాత్ర ఉన్న సంగతి చాలామందికి తెలియదు. ఇక్కడి రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ సహాయంతో 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫారం కమిషన్లు నడిపించాడు. రెండవ దానికి లండనులోని లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్ అనే ప్రముఖుడిని పంపింది. అందుకయ్యే ఖర్చుకు నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. వందల జంతువులపై ప్రయోగాలు చేసి, ముందుగా ఆగేది ఊపిరేనని, కనుక మత్తు ఇచ్చేవారు శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునని వారు తేల్చారు. ఇక్కడి వైద్య పాఠశాలలో చదివి, క్లోరోఫారం ఇవ్వడంలో నైపుణ్యం సంపాదించిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చరిత్రకారులు పేర్కొంటారు.

హైదరాబాదు కమిషను మాటలో సగమే నిజమని తరువాత తేలింది. 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు, క్లోరోఫారం కొద్దిగా ఇచ్చినప్పుడు కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని పిల్లులపై ప్రయోగాలతో నిరూపించాడు. అయినా మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీద నుంచి దృష్టి మరల్చరాదన్న పాఠం మాత్రం ఈనాటికీ పాతబడలేదు.

కంటి చుక్కల నుంచి

ఒళ్ళంతా నిద్రపుచ్చకుండా, కోసే చోటు వరకే మొద్దుబారేలా చేయలేమా? ఈ ప్రశ్నకు జవాబు దక్షిణ అమెరికా కొండ జాతులవారు నమిలే కోకా ఆకులో దొరికింది. ఆ ఆకులోని సారాన్ని 1860లో నీమన్ అనే జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు వేరుచేశాడు. అదే కొకెయిను. అది నాలుకను మొద్దుబారుస్తుందని అప్పుడే గమనించారు గాని, దాని ఉపయోగం ఎవరికీ తట్టలేదు.

1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే యువ డాక్టరుకు అది తట్టింది. కొకెయిను కలిపిన నీటి చుక్కలు ముందు కప్ప కంటిలో, ఆ తరువాత తన కంటిలోనే వేసుకుని, గుండుసూది తలతో తాకి చూసుకున్నాడు. ఏమీ తెలియలేదు. ఆ సెప్టెంబరు 15న హైడెల్‌బర్గ్‌లో జరిగిన కంటి వైద్యుల సభకు వెళ్ళడానికి అతని దగ్గర ప్రయాణపు ఖర్చులు లేవు. అతని వ్యాసాన్ని మరొకరు చదివి, ప్రయోగం చేసి చూపించారు. వార్త కొద్ది వారాలలోనే సముద్రాలు దాటింది.

న్యూయార్కులో హాల్‌స్టెడ్ అనే సర్జను ఒక అడుగు ముందుకు వేశాడు. నరం వెళ్ళే దారిలో మందు ఎక్కిస్తే ఆ నరం చేరే భాగమంతా మొద్దుబారుతుందని కనుగొన్నాడు. కరెంటు తీగకు దారి మధ్యలో ఫ్యూజు తీసేస్తే అవతలి దీపం ఆరిపోయినట్టు అన్నమాట. కాని అతడూ, అతని సహచరులూ ఈ ప్రయోగాలు తమ ఒంటి మీదే చేసుకోవడం వల్ల కొకెయినుకు బానిసలయ్యారు. ఆ వ్యసనం హాల్‌స్టెడ్ జీవితాన్ని చాలాకాలం పీడించింది. మనం ఈనాడు నిశ్చింతగా తీసుకునే ఇంజక్షను వెనుక ఇటువంటి మూల్యాలున్నాయి.

కీల్ నగరంలో ఒక కూలి మనిషి

ఇక అసలు కథకు వద్దాం. జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయంలో క్వింకె అనే డాక్టరు 1891లో నడుము దగ్గర వెన్నుపూసల మధ్య సూది దించి, లోపలి నీటిని సురక్షితంగా తీయవచ్చునని చూపాడు. అదే ఊళ్ళో పనిచేస్తున్న సర్జను ఆగస్ట్ బీర్, నీరు తీయగలిగిన దారిలో మందు ఎందుకు ఎక్కించకూడదని ఆలోచించాడు.

1898 ఆగస్టు 16న అతని ముందుకు వచ్చిన రోగి 34 ఏళ్ళ కూలి. ఎడమ చీలమండ కీలుకు క్షయ పట్టింది. చెడిన ఎముక తీసివేయాలి. అంతకు ముందు అతనికి చాలా ఆపరేషన్లు జరిగాయి. ప్రతిసారీ పూర్తి మత్తు వల్ల తీవ్రంగా బాధపడ్డాడు. అందువల్ల మళ్ళీ ఆ మత్తు అంటే వణికిపోయాడు. బీర్ అతని భయాన్ని కొట్టిపారేయలేదు. వెన్నులోని నీటిలోకి 15 మిల్లీగ్రాముల కొకెయిను ఎక్కించాడు. ఇరవై నిమిషాలలో కాళ్ళు మొద్దుబారాయి. రోగి మెలకువగా ఉండగానే, నొప్పి తెలియకుండా, ఆపరేషను పూర్తయింది. తరువాత అతనికి వాంతులు, తలనొప్పి వచ్చాయి గాని ప్రాణానికి ముప్పు కలగలేదు.

ఆ తరువాత బీర్ మరికొందరికి ఈ పద్ధతిలోనే ఆపరేషన్లు చేశాడు. చాలామందికి తలనొప్పి, వాంతులు వచ్చాయి. కారణం తెలుసుకోవడానికి అతడు రోగులను వాడుకోలేదు. ఆగస్టు 24న తనకే ఇంజక్షను ఇమ్మని సహాయకుడు హిల్డెబ్రాంట్‌కు వీపు అప్పగించాడు. సూదికి సిరంజి సరిగా అమరలేదు. మందు కారిపోయింది. వెన్నులోని నీరూ చాలా పోయింది. అప్పుడు హిల్డెబ్రాంట్ తానే ముందుకు వచ్చాడు. బీర్ అతనికి 5 మిల్లీగ్రాములు ఎక్కించాడు. కొద్దిసేపటికి అతని కాళ్ళను సూదితో గుచ్చి, చుట్టతో కాల్చి, మోకాలి కింద ఎముక మీద ఇనుప సుత్తితో కొట్టి చూశాడు. హిల్డెబ్రాంట్‌కు నొప్పి తెలియలేదు!

పని ముగిశాక ఇద్దరూ కడుపారా భోంచేసి, ద్రాక్షసారా తాగి, చుట్టలు కాల్చారు. ఆ సంబరం మరునాటికే చప్పబడింది. బీర్‌కు లేచి కూర్చుంటే భరించలేని తలనొప్పి, పడుకుంటే ఉపశమనం. అది తొమ్మిది రోజులు ఉంది. హిల్డెబ్రాంట్‌కు వాంతులు, తలనొప్పి, వాటికి తోడు సుత్తి దెబ్బల తాలూకు నొప్పులు. వెన్నులోని నీరు కారిపోవడమే తలనొప్పికి కారణమై ఉంటుందని బీర్ ఊహించాడు. ఆ ఊహ నిజమే. 1899లో ఈ అనుభవాలన్నింటినీ, కష్టనష్టాలతో సహా, దాచకుండా ప్రకటించాడు. అదే ఏడు పారిస్‌లో టఫియే ఈ పద్ధతిని చేపట్టి ప్రచారంలోకి తెచ్చాడు.

మందు మారింది, సూది మారింది

కొకెయిను విషం. దానికి బదులు వెదకడం మొదలైంది. 1904-05 ప్రాంతంలో జర్మనీలో ఐన్‌హార్న్ తయారుచేసిన ప్రోకెయిను, నోవకెయిను అన్న పేరుతో ప్రసిద్ధి పొందింది. 1943లో స్వీడనులో లోఫ్‌గ్రెన్ లిడోకెయిను కనిపెట్టాడు. పన్ను పీకించుకునేటప్పుడు మనకిచ్చే ఇంజక్షను చాలావరకు ఈ లిడోకెయినే. 1957లో అక్కడే బుపివకెయిను వచ్చింది. నేడు మన ఆసుపత్రులలో నడుముకు ఇచ్చే మత్తుకు ఎక్కువగా వాడేది ఇదే. దీని ప్రభావం సాధారణంగా రెండు మూడు గంటలు ఉంటుంది. ఈలోగా 1921లో స్పెయిను సైనిక సర్జను ఫిదెల్ పజేస్ వెన్నునీటి పొర లోపలికి పోకుండా, పొర వెలుపల మందు వేసే పద్ధతిని వివరించాడు. మనం ఎపిడ్యూరల్ అనేది దానినే.

తలనొప్పికి విరుగుడు సూదిలో దొరికింది. బీర్ వాడినటువంటి లావు సూదులు పొరకు పెద్ద రంధ్రం చేస్తాయి. సూది సన్నబడిన కొద్దీ నీరు కారడం తగ్గింది. 1951లో విటేకర్, 1987లో స్ప్రాట్ పేర్లతో వచ్చిన సూదుల మొన పెన్సిలు మొనలా ఉంటుంది. అవి పొరను కోయవు, పోగులను పక్కకు జరిపి లోపలికి పోతాయి. ఇప్పుడు తలనొప్పి కొద్దిమందికే వస్తుంది. అందులోనూ మన వయసువారికి యువకుల కంటె తక్కువ. వచ్చినా, చేతి నుంచి కొంచెం రక్తం తీసి వీపు దగ్గర పొర వెలుపల ఎక్కిస్తే రంధ్రం పూడుకుంటుందని 1960లో గోర్మ్‌లీ అనే సర్జను చూపాడు. తగ్గని తలనొప్పికి ఈనాటికీ ఆ చికిత్సే చేస్తున్నారు.

కాళ్ళు పడిపోతాయన్న భయం ఎక్కడిది?

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1947 అక్టోబరు 13న ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డ్ ఆసుపత్రిలో ఒకే రోజు వెన్నుకు మత్తు తీసుకున్న ఇద్దరు రోగులకు, రో, వూలీ అనే వారికి, కాళ్ళు శాశ్వతంగా పడిపోయాయి. వారు కోర్టుకు వెళ్ళారు. మందు సీసాలను ఫినాల్ ద్రావణంలో ఉంచారని, కంటికి కనపడని పగుళ్ళ గుండా ఫినాల్ లోపలికి చేరిందని అక్కడ వాదన జరిగింది. అటువంటి ప్రమాదం 1947 నాటికి వైద్యులకు తెలియనిది కనుక డాక్టరుది నిర్లక్ష్యం కాదని 1954లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. సూదులు మరగబెట్టే పాత్రను శుభ్రం చేయడానికి వాడిన ఆమ్లం మిగిలిపోయి ఉండవచ్చునని తరువాతి పరిశోధకులు భావించారు. ఏదైనా, తప్పు పద్ధతిది కాదు, పరికరాల శుభ్రతది. కాని ఆ కేసు దెబ్బకు బ్రిటనులో చాలామంది డాక్టర్లు ఏళ్ళ తరబడి వెన్ను మత్తు జోలికి పోలేదు.

అదే 1954లో అమెరికాలో డ్రిప్స్, వాండమ్ అనే ఇద్దరు వైద్యులు 10,098 వెన్ను మత్తుల ఫలితాలను ప్రకటించారు. రోగులను ఇళ్ళకు వెళ్ళిన తరువాత కూడా కనిపెట్టి చూశారు. ఒక్కరికీ కాళ్ళు పడిపోలేదు. 2009లో బ్రిటను మత్తు వైద్యులు ఏడు లక్షలకు పైగా వెన్ను మత్తులు, ఎపిడ్యూరళ్ళు లెక్కలోకి తీసుకుని చూస్తే, శాశ్వత హాని, ఎంత కఠినంగా లెక్క వేసినా, లక్షకు నాలుగైదు కేసులను మించలేదు. ప్రమాదం సున్నా కాదు. కాని చుట్టాలు చెప్పినంతా కాదు.

మరొక సంగతి. పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. డాక్టరు సూది వేసేది అంతకంటె కింద. అక్కడ నీటిలో తేలాడే నరాల పోగులే ఉంటాయి. సూది వేసిన చోట కొన్నాళ్ళు కొంచెం సలుపు ఉండవచ్చును. ఏళ్ళ తరబడి బాధించే నడుము నొప్పికి ఆ ఒక్క సూదే కారణమని పరిశోధనలు చూపలేదు. మన నడుము నొప్పులకు కుర్చీలలో గడిపిన ముప్పై ఏళ్ళ సర్వీసు ఎక్కువ కారణం కావచ్చును!

పాదానికి ఐదు నరాలు

నడుము దాకా కూడా పోకుండా, కాలి దగ్గరే మత్తు ఇచ్చే మార్గం కూడా ఉంది. పాదానికి స్పర్శ తెచ్చేవి ఐదు నరాలు. వాటిలో నాలుగు తొడ వెనుక నుంచి వచ్చే పెద్ద నరం కొమ్మలు. ఐదవది తొడ ముందు నుంచి వచ్చి, చీలమండ లోపలి వైపునకు దిగుతుంది. పాదానికి, వేళ్ళకు చేసే ఆపరేషన్లకు చీలమండ చుట్టూ ఈ ఐదింటికీ మందు వేస్తే చాలు. చీలమండ కీలుకే ఆపరేషను అయితే ఇంకా పైన, మోకాలి వెనుక పెద్ద నరానికి ఒక ఇంజక్షను, ఐదవ నరానికి వేరుగా మరొకటి ఇస్తారు. రక్తం కారకుండా తొడకు గట్టిగా పట్టీ బిగించవలసి వస్తే ఆ పట్టీ నొప్పిని ఈ ఇంజక్షన్లు ఆపలేవు. అటువంటప్పుడు నడుముకు ఇచ్చే మత్తో, పూర్తి మత్తో కావాలి.

ఒకప్పుడు నరం ఎక్కడుందో చేతి అంచనాతో, రోగికి జివ్వుమన్నదా అని అడిగి తెలుసుకునేవారు. 1960 దశకంలో చిన్న కరెంటు పంపి, కండరం అదరడం చూసి గుర్తించే పరికరం వచ్చింది. 1994లో వియన్నా వైద్యులు అల్ట్రాసౌండు తెర మీద సూదిని, మందు వ్యాపించడాన్ని చూస్తూ భుజం దగ్గరి నరాలకు మత్తు ఇచ్చారు. కోలర్ కంటి చుక్కలు వేసుకున్న ఊరే అది! నేడు ఆ తెర మన పట్టణాలలోని ఆసుపత్రులకు కూడా వచ్చింది. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఈ పద్ధతి తరచు ఎంతో ఉపకరిస్తుంది. ఆపరేషను తరువాత చాలా గంటలు నొప్పి తెలియదు. కాని ఒక హెచ్చరిక. ఆ గంటలలో కాలు ఉన్నట్టే తెలియదు. లేచి అడుగు వేయబోతే మళ్ళీ పడిపోతారు.

మెలకువగా ఉండగలమా?

మనిషి మెలకువగా ఎంత భరించగలడో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలును. 1961లో అంటార్కిటికాలోని రష్యా స్థావరంలో డాక్టరు రోగజోవ్‌కు అపెండిసైటిస్ వచ్చింది. అక్కడ ఉన్న డాక్టరు అతనొక్కడే. నోవకెయిను ఇంజక్షను తీసుకుని, తన కడుపు తానే కోసుకుని, అపెండిక్సు తీసేసుకుని బతికాడు. మనల్ని అంత ధైర్యం ఎవరూ అడగరు. మనకు, కోసే చోటుకు మధ్య ఒక తెర కడతారు. కావాలంటే కునుకు పట్టేలా కొంచెం మందు ఇస్తారు. డ్రిల్లు చప్పుడు వినలేనివారు ముందే ఆ మాట చెప్పాలి. లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలియవచ్చును. నొప్పి తెలియకూడదు. తెలిస్తే వెంటనే చెప్పవచ్చును. మెలకువగా ఉన్నందుకు అదే లాభం.

అలాగని పూర్తి మత్తును చూసి జడుసుకోవలసిన కాలమూ పోయింది. 2021లో అమెరికా, కెనడాలలో తుంటి ఎముక విరిగిన 1600 మంది మీద జరిపిన అధ్యయనం ప్రచురితమైంది. వారందరూ యాభై దాటినవారే. రెండు నెలల తరువాత బతికి ఉండటంలో గాని, తిరిగి నడవగలగడంలో గాని, వెన్ను మత్తు తీసుకున్నవారు పూర్తి మత్తు తీసుకున్నవారి కంటె మెరుగుగా ఏమీ లేరు. కనుక ఇది పంతానికి పోవలసిన విషయం కాదు. మన జబ్బులను బట్టి, మన మనసును బట్టి, డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవలసిన విషయం.

అందుకు మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి చూపండి. ముఖ్యంగా రక్తం పలచబడడానికి వేసుకునే మాత్రలు. వాటి వల్ల వెన్ను లోపల రక్తం గడ్డకట్టి నరాలను నొక్కే ప్రమాదం ఉంది. కాని వాటిని మీ అంతట మీరు ఆపవద్దు. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో డాక్టర్లే చెప్పాలి. బి.పి., గుండె కవాటాల జబ్బు, ప్రోస్టేటు ఇబ్బంది ఉంటే దాచవద్దు. వెన్ను మత్తులో బి.పి. పడిపోవచ్చును, మూత్రం కొంతసేపు బిగించవచ్చును. లోగడ మత్తు తీసుకున్నప్పుడు ఏమైనా జరిగి ఉంటే తప్పక చెప్పండి. ఏ పద్ధతి ఎందుకు ఎంచుకుంటున్నారో అడగండి. అడగడం అమర్యాద కాదు.

1898లో ఆ కూలి మనిషి చదువుకున్నవాడు కాకపోవచ్చు. తనకు దేనివల్ల బాధ కలిగిందో, దేనికి భయపడుతున్నాడో డాక్టరుకు చెప్పుకున్నాడు. డాక్టరు విని వేరే దారి వెదికాడు. ఆనాటి నుంచి కోట్ల మంది ఆ దారిన నడిచారు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళ మీద సందేహాలు రాసి, వివరణలు అడిగి, జవాబు వచ్చేదాకా వదలని మనం, మన ఒంటి విషయంలో ఒక ప్రశ్న అడగడానికి వెనుకాడనక్కరలేదు.